గొడుగు కింద డబ్బా

అజ్మాన్‌లో, లాండ్రీ దుకాణం మీద మూడో అంతస్తు.
రెండు గదులు, అయిదుగురు ఫార్మసీ చదువులు,
గీజరు వేస్తే వణికే ట్యూబులైటు.
ఫ్రిజ్ తలుపు మీద కరెంటు బిల్లు పక్కన
మంజీర అంటించిన కాగితం.

ఒక గడిలో, గోడలోంచి వచ్చే తీగ.
నెలకి మూడొందల ఎనభై తొమ్మిది,
సంతకం ఇరవై నాలుగు నెలలకి,
మధ్యలో వదిలేస్తే జరిమానా.
మా చదువు మిగిలింది పద్నాలుగు నెలలు.
తక్కిన పది నెలలు ఎవరు చూస్తారు సినిమాలు,
ఈ గోడలా?

రెండో గడిలో, డబ్బా.
ప్లగ్గులో పెడితే చాలు, ధర దాదాపు సగం, సంతకం ఏడాదికే.
కానీ సిగ్నలు బాల్కనీ దగ్గర తప్ప నిలవదు,
బాల్కనీలో జూలై నెల నిలబడి ఉంది.

మూడోది కాగితం ఎక్కలేదు.
వాచ్‌మన్ రఫీకుల్ మెట్ల మీద గొంతు తగ్గించి చెప్పాడు:
నాలుగో అంతస్తు వాళ్ళ తీగ కొస ఒకటి
కిటికీలోంచి దించుతాడట, మనిషికి ముప్పై,
రసీదు ఉండదు, అడగకూడదు.
పరీక్ష మధ్యలో తెగితే? అంది బ్లెస్సీ.
పట్టుబడితే అతని ఉద్యోగం? అన్నాన్నేను.
ముప్పై దిర్హమ్‌లకి అంత పాపం ఖరీదే.

"ఆరు నెలలు సగం ధర" అంటే
ఏడో నెలలో ఏడుపని మంజీర అర్థం చెప్పింది.
క్యాలిక్యులేటర్ డెబ్బై ఏడు దిర్హమ్‌ల ఎనభై ఫిల్స్ అంది.
ఆ ఎనభై ఫిల్స్ దగ్గర అరగంట పోయింది.

ఎవరెంత వాడతారో తేలితే ఎవరెంత ఇవ్వాలో తేలుతుందని
నేనే అన్నాను. అనకుండా ఉండాల్సింది.
మంజీరకి కొరియా సీరియళ్ళు,
వాళ్ళు నూడుల్స్ తింటే తనూ లేచి తింటుంది.
మారిసెల్‌కి ఆదివారం సెబూ చర్చి, పూర్తి ప్రార్థన.
బ్లెస్సీ పాఠాలు రెట్టింపు వేగంతో వింటుంది గనక
సగం డబ్బులే ఇస్తానంది.
నేను రీల్స్. ఎంతసేపో చెప్పలేదు.
షమీమ్ వంతు వచ్చింది.
"నన్ను లెక్కలో వెయ్యాకండి" అంది కడప యాసలో,
"నాకు అక్కర్లేదు. నలుగురితో భాగించుకోండి."

మూడు రోజుల తర్వాత, ల్యాబ్ నుంచి ఆలస్యంగా వస్తూ చూశాను.
ఏసీ బస్టాప్‌లో షమీమ్, ఒళ్ళో ల్యాప్‌టాప్.
ఉచిత వైఫై తెగినప్పుడల్లా
మళ్ళీ నంబరు కొట్టి, మళ్ళీ కోడు కోసం చూస్తోంది.
బస్సు వచ్చింది, తలుపు తెరిచింది,
ఈ మనిషి ఎక్కేది కాదని మూసుకుంది.
డ్రైవరు అలవాటుగా చెయ్యి ఊపాడు.
నేను కనబడకుండా
వెనక వీధిలోంచి చుట్టు తిరిగి ఇంటికొచ్చాను.

ఆ రాత్రి డబ్బా గడి చుట్టూ సున్నా చుట్టాను.
"ఎవరిదో ఒకరి ఐడీ కావాలి.
నాది రెన్యువల్‌లో ఉంది. షమీమ్, నీది ఇస్తావా?
పేరు ఇచ్చినవాళ్ళకి వాటా ఉండదు."
ఈ నియమం వయసు అప్పటికి ఒక నిమిషం.
మంజీర నోరు తెరిచింది.
మారిసెల్ నా మొహం ఒకసారి చూసి
అన్ని ఇళ్ళలోనూ ఇదే పద్ధతని
ఇంగ్లీషులో, తడుముకోకుండా, అబద్ధం ఆడింది.

ఇప్పుడు డబ్బా బాల్కనీ తలుపు దగ్గర బియ్యం టిన్ను మీద,
ఎండ తగలకుండా బ్లెస్సీ పాత గొడుగు కింద.
వాన ఊసు లేని ఊళ్ళో
అయిదుగురం గొడుగు వైపే జరిగి కూచుంటాం.
సీరియలు ఆగి ఆగి వస్తుంది, నూడుల్స్ చల్లారిపోతాయి.

నెల నెలా అయిదో తారీఖున మెసేజ్:
"ప్రియమైన షమీమ్ బేగం గారికి."
పైకి చదివి వినిపిస్తుంది.
ఇంత మర్యాదగా నన్నెవరూ డబ్బులడగలేదు అని నవ్వుతుంది.

బస్టాప్ సంగతి నాకు తెలుసని
తనకి తెలుసో లేదో నాకు తెలీదు.
నా వంట వంతు వచ్చిన రోజుల్లో మాత్రం
నేను లేచేసరికే
గిన్నెలు కడిగి ఉంటున్నాయి.