ఉప్పు బండి క్యాలెండర్

మా ఫ్రిజ్ మీద టైర్ల కొట్టువాళ్లిచ్చిన క్యాలెండర్.
నా గళ్లలో నీలం సిరా, హెలెద్ గళ్లలో ఎరుపు.
అక్టోబర్ నడిమిలో నాకు మొదటి ఉప్పు డ్యూటీ.
అదే గడిలో ఎర్రగా, చిన్నగా:
డాక్టరు చదువుకి ఆఖరి తేదీ, నాకు వర్తించదు.
వర్తించనిదాన్ని కూడా రాసిపెట్టుకునే పిల్ల.

వేల్స్ కొండదారుల మీద
రాత్రి రెండింటికి ఉప్పు చల్లే బండి నాది.
మంచు పేరకముందే చల్లాలి.
పేరాక చల్లింది చల్లినట్టు కాదు.
గడువంటే ఏమిటో నాకొకరు చెప్పక్కర్లేదనుకునేవాణ్ణి.

మాటలే కొత్త.
వంటింటి బల్ల దగ్గర, చల్లారిన టీ పక్కన
ఒక్కొక్కటే విప్పి చూపించేది,
ఒకప్పుడు నేను దానికి బూటు లేసు ముడి చూపించినట్టు.

"కండిషనల్ ఆఫర్ అంటే, రమ్మన్నారు గానీ
గొళ్లెం ఇంకా తియ్యలేదు, నాన్నా.
కెమిస్ట్రీలో ఏ వస్తే తీస్తారు."

ప్రెడిక్టెడ్ గ్రేడంటే నేనే చెప్పాను.
వాతావరణ సూచన.
మైనస్ మూడంటారు, తీరా వాన పడి ఊరుకుంటుంది,
చల్లిన ఉప్పంతా కాలవ పాలు.

"ఫర్మ్ అంటే మనసు పడ్డది.
ఇన్సూరెన్స్ అంటే..."
అది నాకు తెలుసన్నాను.
ఏడాదికేడాది కడుతూ, అక్కర రాకూడదని కోరుకునేది.
"అంతే," అని నవ్వింది.

జనవరి ఆఖర్లో ఒక బుధవారం, సాయంత్రం ఆరు లోపు,
అయిదు పేర్లు. ఆరోది రాయనివ్వరు.
పంపేముందు వాళ్లమ్మ నెరిస్ కోటు విప్పకుండానే చదివింది,
వృద్ధాశ్రమంలో రాత్రి డ్యూటీకి ఆలస్యమవుతూ.
ఒక కామా తీసేయించింది.

మేలో ఒక ఆదివారం అడిగాను:
జూన్‌లో ఆ రెండు పేర్లూ చెప్పకపోతే?
"డిక్లైన్డ్ బై డిఫాల్ట్.
నువ్వు కాదనక్కర్లేదు.
ఊరికే ఉంటే చాలు,
కాదన్నావని వాళ్లే రాసేసుకుంటారు."

మౌనం అర్ధాంగీకారం అంటారే.
ఇక్కడ మౌనం
పూర్తి నిరాకరణ.

కెటిల్ నింపుదామని లేచాను.
అది నిండే ఉంది.

పైగదిలో సొరుగు. అడుగున, సాకెట్ల రశీదుల కింద
ఎనభై తొమ్మిదో సంవత్సరపు ఉత్తరం.
అన్‌కండిషనల్ అన్న మాట ఉంది అందులో.
అర్థమేమిటని అప్పుడెవర్నీ అడగలేదు.
జవాబు కవరు వాళ్లే పెట్టారు,
స్టాంపు వాళ్లే అంటించారు.
ఆ వారం క్వారీలో ఓవర్‌టైమ్.
పై వారం కూడా.
నాకు సీటు రాలేదని ముప్పై అయిదేళ్లుగా చెబుతున్నాను.
వచ్చింది.

ఆగస్టు, గురువారం, పొద్దున ఎనిమిది.
కెమిస్ట్రీలో బీ.
ఫర్మ్ గొళ్లెం తియ్యలేదు.
ఇన్సూరెన్స్ తలుపు మాత్రం తెరుచుకుంది,
భూగర్భశాస్త్రం, గంటన్నర ప్రయాణం.
క్లియరింగ్ అని ఒకటుందట,
మిగిలిన సీట్ల సంత, ఫోన్లు చేసి అడగాలి.
చేస్తావా అంది నెరిస్.
తల అడ్డంగా ఊపింది.
"కట్టినందుకు అక్కరకొచ్చింది," అన్నాను.
నవ్వలేదు.
మేడ మీద తలుపు వేసుకున్న చప్పుడు
మెల్లగానే వినిపించింది. అదే కష్టంగా ఉంది.

సెప్టెంబర్. కారు నిండా అట్టపెట్టెలు.
రాళ్లు కొట్టే సుత్తి కొనుక్కుంది, పసుపు పిడి,
దాన్ని ఒళ్లో పెట్టుకుని ముందు సీట్లో కూర్చుంది.
ఏమీ చెప్పకుండా కవరు ఇచ్చాను.
ఉత్తరం రెండుసార్లు చదివింది.
తర్వాత ఆ స్టాంపు వైపు చాలాసేపు చూసింది.

"సెకండ్ క్లాస్ స్టాంపు, నాన్నా.
వేసినా లేటుగానే చేరేది."

ఇద్దరం నవ్వుతూనే ఉన్నాం,
నెరిస్ దిండు పట్టుకుని బయటికొచ్చి
ఏమైందని అడిగేదాకా.