తోక లేని ఫైలు

కాస్త్రో రేవులో, గుంజల మీద నిలబెట్టిన ఇళ్ళ వెనక
నా ఫోటోకాపీల కొట్టు.
వాన పట్టుకుని తొమ్మిది రోజులు.
ఎదువినా చిగ్వాయ్ రెయిన్‌కోటు విప్పకుండానే
పెన్‌డ్రైవ్ తీసి బల్ల మీద పెట్టింది,
సంచిలో సంచి, ఆ సంచిలో ఇంకో సంచి.
"కెవీ దీవిలో బడి కంప్యూటరు తెరవనంది.
నీదేమంటుందో చూడు."

నాదీ అదే అంది.
*ఈ ఫైలును తెరవలేకపోతున్నాం.
పాడైపోయింది. బాగుచేయడం కుదరదు.*
కింద ఒకటే బొత్తాం: సరే.

పదిహేడేళ్ళుగా చదువుతున్నాను ఈ మాట,
ఆ 'మేం' ఎవరో ఇప్పటికీ తెలీదు.
'మనం' అయితే కాదు.
నేనందులో లేను. ఆమె అసలే లేదు.
కాదనడానికి బొత్తాం ఇవ్వరు,
సరే అనేదాకా కదలనివ్వరు.

అందులో ఉన్నది పడవ.
దొమితిలో బరియా సిమెంటు బస్తా కాయితాల మీద గీసిన
పద్నాలుగు పటాలు.
"కాయితాలో?"
"మేనల్లుడు పొయ్యి రాజేశాడు."
కాసేపాగి,
"కట్టెలు తడిసిపోయాయి మరి, వాడేం చేస్తాడు."

వేరే ప్రోగ్రాంతో చూశాను.
దానికంటే పాతదానితో చూశాను.
పేరు మార్చి, తీసి, మళ్ళీ మార్చి.
బ్రౌజర్లో వేస్తే ఒట్టి నలుపు.
ఇక ఫైలు సైజు చూశాను:
సరిగ్గా నాలుగు మెగాబైట్లు, ఒక్క బైటు అటూ ఇటూ లేదు.
అంత గుండ్రని అంకె కనబడితే
ఎక్కడో ఎవరో తొందరపడ్డారని అర్థం.

పైతొడుగు ఒలిచి ఉత్త అక్షరాలుగా తెరిచాను.
మొదటి వరుసలో పర్సెంటు గుర్తు, పీడీఎఫ్, ఒకటి పాయింటు నాలుగు.
తల ఉంది.
ఆ తర్వాత చదవరాని అడవి, కిందికి, ఇంకా కిందికి.
ఆఖర్న రెండు పర్సెంటు గుర్తులుండాలి, అయిపోయింది అనే మాటుండాలి.
దానికి పైన, ఏ పుట ఎక్కడుందో చెప్పే పట్టిక.
పుస్తకానికి విషయసూచిక ముందుంటే
వీటికి వీపున ఉంటుంది, ఎవరు పెట్టిన ఆచారమో.
అదేమీ లేదు.
వరుస మధ్యలో, మాట నోట్లో ఉండగానే ఆగిపోయింది.

"దీన్నెప్పుడు లాగావు?"
"పుయెర్తో మోంత్‌లో. బస్సువాడు హారన్ కొట్టాడు."
"నీలం గీత ఇంకా పాకుతోందా?"
ఆమె కిటికీ వైపు చూసింది.
"చివరికొచ్చేసిందనుకున్నా."

రెండు గంటలు పట్టింది.
ఒక్కో పుట మొదలయ్యేచోటు లెక్కపెట్టి
లేని పట్టిక నా చేత్తో రాశాను,
కింద 'అయిపోయింది' అని కూడా నేనే రాశాను.
మధ్యలో ఆమె పెట్టిన బంగాళాదుంప రొట్టె తిన్నాను,
కీబోర్డు మీద పంది కొవ్వు జిడ్డు.

తొమ్మిది పటాలొచ్చాయి.
పదోది సగమే వచ్చింది:
ఏడో పక్కటెముక దాకా పడవ,
అక్కణ్ణించి బూడిదరంగు.
మిగతా నాలుగూ పుయెర్తో మోంత్ బస్టాండులోనే ఉండిపోయినట్టు.

తెర మీద ఆ బూడిదరంగులో వేలు పెట్టి
గాల్లో ఒక వంపు తిప్పింది, నిదానంగా,
తర్వాత వెనక్కి వచ్చి ఇంకొంచెం లోతుగా.
"ఇది కూడా ప్రింటు తీయి."
"ఇంకు దండగ."
"అయితే అంత పొడవు తెల్లకాయితం ఇయ్యి."

తొమ్మిదిన్నరకు లెక్క కట్టాను. పదికి డబ్బులిచ్చింది.

రేవులో కెవీ పడవ కూత పెట్టింది.
ఆమె చెయ్యి పెన్‌డ్రైవ్ దాకా పోయి
బెత్తెడు ఎడంలో ఆగింది.
రెండో కూత.
నేను తొందరగా నొక్కుతున్నాను, మౌసు జిడ్డు, జారుతోంది.
చెయ్యి అలాగే గాల్లో ఉంచి
తెర మీది ప్రతి అక్షరమూ పెదాలతో చదువుతోంది ఎదువినా,
*ఇక తీయవచ్చు* అని అది చెప్పేదాకా.