ఎదురు

మూడో తరగతి వాచకానికి
వ్యతిరేక పదాలు రాస్తున్నాను.
వెలుగుకు చీకటి, కొనుకు అమ్ము.
జంట చెప్పుల్లా ఒకదాని వెంట ఒకటి వస్తాయి అవి.
'తప్పించుకొను' దగ్గర కలం ఆగింది.

'దొరికిపో' అని రాసి కొట్టేశాను.
అది దొంగకు సరిపోతుంది.
'ఎదిరించు', అందులో ఇనుము వాసన.
'పలకరించు', మరీ తేలిక,
మలుపులో చెయ్యి ఊపి పోయేవాడి మాట.

అప్పుడు గుర్తొచ్చింది పుంతా అరేనస్.
చిలీ దేశం కిందికి జారి జారి
ఇక చోటు లేక ఆగిన ఊరు. రేకు కప్పులు.
నేను రేడియో ఆఫీసరుగా ఉన్న ఓడ ఇంజను చెడి
పదకొండు రోజులు అక్కడ.
వసంతమంటే అక్కడ పూలు కాదు, గాలి.
గాలి లేచే నెలల్లో వీధి మూలల్లో తాళ్ళు కడతారు,
జనం పట్టుకుని నడవడానికి.

మందుల షాపు వ్లాదిమిర్ చెప్పాడు,
నా వచ్చీరాని స్పానిష్‌కి సరిపడా మెల్లగా:

ఎల్సిరా ఒయార్సో రొట్టెలు కాలుస్తుంది.
నొల్బెర్తో బర్రియా పీతల పడవ మీద పోయేవాడు,
ఇప్పుడు బుట్టలు అల్లుతాడు.
తొమ్మిదేళ్ళ కిందట ఒక తెల్లవారుజామున
నొల్బెర్తోకు కడుపునొప్పి.
అతని బదులు ఎల్సిరా తమ్ముడు ఎక్కాడు.
పడవ తిరిగి రాలేదు.

ఎవరి తప్పూ లేదు.
లేకపోవడమే చిక్కు.
తప్పుంటే తిట్టుకోవచ్చు,
లేని తప్పును
తప్పించుకు తిరగడం తప్ప ఏం చేస్తారు?

ఆమె కనబడితే అతను పక్క వీధి.
అతను కనబడితే ఆమె మందుల షాపు.
ఊరికే వస్తే బాగుండదని
ఒక దగ్గుమందు సీసా.
దగ్గు లేదు.
ఆమె వంటింటి అరలో మూత తియ్యని సీసాలు
నలభై దాకా ఉంటాయని వ్లాదిమిర్ లెక్క.

ఒక బుధవారం
చెత్తడబ్బాల్ని గాలి కుక్కల్లా తరిమింది.
ఒకటే తాడు.
ఈ కొసన ఆమె, గాలి వీపున.
ఆ కొసన అతను, ఎదురుగాలి మొహాన.
వదిలితే పడతారు.
వెనక్కి తిరగాలన్నా వదలాలి.
ఆమె నడవడం లేదు, గాలి నడుపుతోంది.
అతను తల వంచుకుని వస్తున్నాడు, చూసుకోలేదు,
తాడు మీద నాలుగు చేతులయ్యేదాకా.
మధ్యలో బెత్తెడు ఖాళీ.

దాటడానికి పద్ధతి ఒకటే:
ఒకరి భుజం మీదుగా ఒకరు చెయ్యి చాపి
అవతలి తాడు అందుకోవాలి.
ఊళ్ళో రోజూ అందరూ చేసేదే,
ముక్కూ మొహం తెలియనివాళ్ళతో కూడా.

ఎల్సిరా అరిచింది,
ఆ గాలిలో అరవకపోతే వినబడదు:
"కడుపునొప్పి తగ్గిందా?"

వెటకారమో జాలో,
ఇన్నేళ్ళూ నాలుక కింద నానిన ప్రశ్న
దానంతటది జారిందో,
ఆమెకే తెలియదట.

నొల్బెర్తో నోరు తెరిచి కాసేపు గాలి మింగాడు.
"లేదు."

ఆమె చెయ్యి అతని భుజం మీదుగా వెళ్ళింది.
తాడు అందింది.
అందాక కూడా ఇద్దరూ కదల్లేదని
షాపు అద్దంలోంచి చూసిన వ్లాదిమిర్ సాక్ష్యం.

మన దగ్గర 'ఎదురు' అని ఒక మాట ఉంది.
పగవాడికి ఎదురు తిరుగుతాం,
చుట్టానికి ఎదురు వెళ్తాం,
రానివాడికి ఎదురు చూస్తాం.
పెళ్ళివారికైతే పన్నీరు చల్లి మరీ ఎదురుకోలు.
కోపమూ ఆశా ఒకే గుమ్మంలోంచి నడుస్తాయి మన నోట్లో.
ఆ తాడు మీద ఉన్నది ఇందులో ఏ ఎదురో
నేను తేల్చలేను.
వాచకంలో 'ఎదురుపడు' అని రాశాను.
సంపాదకుడు ఒప్పుకోకపోవచ్చు.

మర్చిపోయాను:
మర్నాడు ఎల్సిరా షాపుకొచ్చి
దగ్గుమందు అడిగింది.
వీధిలో ఎవరూ లేరు.
అంతసేపు గాలిలో నిలబడిందేమో,
ఈసారి నిజంగానే దగ్గుతోంది.