ఏ పద్దు కింద

హన్మకొండ చౌరస్తాల నెట్ సెంటరు, గంటకు నలభై.
నేను చెప్తుంటే ఇర్ఫాన్ టైపు కొడుతున్నడు.
"వస్తువు పేరేంది మేడం?"
బండ, అని చెప్పిన.
వేళ్లు ఆపి నా దిక్కు చూసిండు.
సరే, శాసనం అని కొట్టు.

శాసనమంటే ఆఫీసుల కుర్చీ ఏస్తరు.
బండంటే ఓదెమ్మ వాకిలి,
సర్ఫు నురుగు, పచ్చి మొగదల.

మూడు మూరల నల్లరాయి.
ఓదెమ్మ మామ పడావు చెల్క దున్నుతుంటే నాగలికి తగిలి
ఎడ్లబండెక్కి ఇంటికొచ్చింది.
అప్పటిసంది ఊరి మైలంత దాని మీదనే ఇడిసింది.
పురుటి బట్టలు, పోచమ్మ పండుగకు పసుపంటిన చీరెలు,
దొర పంచెలు,
దొర మీదికి పోయినోళ్ల అంగీలు గూడ,
ఒకటే బండ, ఒకటే దెబ్బ.

తొమ్మిదో తరగతోళ్లను తీసుకొని ఊరు చూపియ్యబోయిన నాడు
సౌజన్య అరిసింది:
"మేడం, ఈ బండకు ఒత్తులున్నయ్!"

గోధుమపిండి రుద్దినం. అక్షరాలు తెల్లగ లేచినయ్.
రిటైరైన లిపి సారు వరంగల్లు నుంచి బస్సుల వచ్చి
రెండు పూటలు ముక్కాలిపీట మీద కూసొని చదివిండు.
బావి పూడిక తీసేటోళ్లకు
రెండు మర్తురుల నేల ఇడిసిపెట్టిందట ఒకామె.
ఏ ఊరామెనో. "కూతురు" అన్న మాట ఒక్కటి మిగిలింది,
దాని ముందట తండ్రి పేరు లేదు, ఎనుక ఆమె పేరు లేదు.
సరిగ్గా ఓదెమ్మ బట్ట పడే జాగ అది.

చివరి శాపం మాత్రం గోరంత చెదరలే:
ఇచ్చినదాన్ని గుంజుకున్నోడు
అరవై వేల ఏండ్లు పెంటల పురుగై పుడ్తడు.
"మరి యుటిలైజేషన్ సర్టిఫికెట్ అంటే?" ఇర్ఫాన్ అడిగిండు.
అదే ఇది, అప్పట్ల గట్ల రాసేటోళ్లు.

ఫారం ముందుకు జరుగుతలేదు.
లబ్ధిదారుల సంఖ్య, ఎర్రచుక్క.
ఆశించిన ఫలితాలు, రెండు వందల మాటలు దాటొద్దు.
స్థానిక వాటా పావు వంతు:
పాల కేంద్రమోళ్లు నాలుగు వేలు,
పదో తరగతి పాత బ్యాచు పదకొండు వేలు,
సర్పంచు షెడ్డుకు రేకులిస్తనన్నడు,
ఎలక్షన్ల లోపట అయితే.

ఓదెమ్మ ఇచ్చేది బండ.
"తీస్కపో బిడ్డా, నాకేం అడ్డం లేదు.
ముందుగాల ఇంకో బండ ఏసిపో.
గింత వాలుండాలె, నీళ్లు నిలవొద్దు.
మరీ నున్నగ వద్దు, బట్ట జారుతది."
మడికొండ దిక్కు అడిగొచ్చిన,
రెండు వేల నాలుగు వందలు, ట్రాలీ కిరాయి వేరే.

"ఏ పద్దు కింద పెట్టాలె మేడం?"
పరికరాలు. ప్రయాణం. ప్రచురణ.
ఇతరాలు అప్పటికే నిండినయ్.
కిందికీ మీదికీ రెండుసార్లు చూసి
నిపుణుల ఫీజుల పెట్టుమన్న.
"నిపుణుని పేరు?"
ఓదెమ్మ.
"అర్హత?"
నలభై ఏండ్లసంది ఆ రాతిని రోజు ముట్టుకున్న మనిషి.
ఇర్ఫాన్ కొట్టిండు. మళ్లా చెరిపిండు.
మళ్లా కొట్టిండు.

పంపిన రాత్రి ఒక మెసేజు: పరిశీలనలో ఉన్నది.
నాలుగు నెలలైంది, అదే మాట.

మొన్న పోతే ఓదెమ్మ పైసల సంగతి అడగలే.
పిండిన చీరె భుజానేసుకొని,
"ఆమె పేరు నా చేతులనే పోయిందా మేడం?" అన్నది.
వానకు గూడ పోయి ఉండొచ్చు అన్న.
నమ్మలే.

అప్పుడు చూసిన.
అక్షరాలున్న దిక్కు గోనెసంచి పరిచి ఉన్నది,
మీద రెండు ఇటుకలు.
మిగిలిన జానెడు జాగల
నడుము ఒక పక్కకు వంచి,
చెయ్యి కుదరక,
దుప్పటి ఉతుకుతున్నది.