ఐదువందల కేబీ లోపల

ఉరవకొండ బస్టాండు ఎదురు సందులో
గోనెసంచుల అంగడికీ పంచర్ షాపుకీ నడుమ
నా నెట్ సెంటరు.
కరెంటు ఉన్నంతసేపే నాకు చదువొచ్చినట్టు లెక్క.

పెన్నోబులేసు పొద్దున్నే వచ్చినాడు.
పెన్‌డ్రైవుకి దారం పోసి
మొలతాడుకి కట్టుకొచ్చినాడు, బీరువా తాళంచెవి మాదిరి.
"ఏమ్మే వన్నూరుబీ, ఫారం పోలేదంట, బరువైందంట.
కాయితమే లేదు కదా,
బరువు యాడనుంచి వచ్చె?"

తెరిస్తే మూడున్నర ఎంబీ.
పోర్టలు గేటు ఐదువందల కేబీ.
పెళ్లి బస్సుని సైకిల్ స్టాండులో పెట్టమన్నట్టుంది.

బోర్లెండిన రైతుల ఫారం అది.
కంప్యూటర్లోనే నింపేది.
గడి మీద నొక్కితే లేత నీలంగా కన్ను తెరుస్తుంది.

మొదట పైనున్న ముద్ర పట్టుకున్నా.
అణా బిళ్లంత ముద్రకి
సినిమా పోస్టరుకి సరిపడా చుక్కలు.
రంగు తీసి, చుక్కలు పలచన చేస్తే
ఒకటిన్నర ఎంబీ పొట్టులా ఎగిరిపోయింది.
ముద్ర ముద్రలాగే ఉంది.

తర్వాత అక్షరాలు.
లావు ఫాంటొకటి, సన్నదొకటి, వాలుదొకటి,
ఒక్కోదాని మూటలో బడి విడిచినాక ఎవరూ పలకరించని
ఌ తో సహా మొత్తం కుటుంబం.
రెండు మూటలు దించేసినా.
గళ్లలో నింపే ఫాంటుని మాత్రం ముట్టుకోలేదు.
ఎవరి పేరులో ఏ అక్షరం ఉంటుందో
ముందే తెలిసినోళ్లు ఎవరు?

అయినా ఒక ఎంబీ పైచిలుకు.
ఏముందబ్బా అని అడుగుకి పోతే,
కొట్టేసినవన్నీ ఉన్నాయి.
సేవ్ నొక్కిన ప్రతిసారీ ఈ ఫైలు
పాతదాన్ని పారెయ్యదు,
బొంత కుట్టినట్టు
పాత చీర మీద కొత్త చీర పరుస్తుంది.

అప్పు అనే గడిలో
పైపొర: రెండు లక్షలు.
దాని కింద నాలుగు.
అట్టడుగున ఆరు లక్షల నలభై వేలు.

నేనేమీ అడగలేదు. తెర ఆయనవైపు తిప్పినా, అంతే.
పంచర్ షాపు పిల్లోడు ట్యూబుని నీళ్లలో ముంచి
బుడగ కోసం చూస్తున్నాడు,
పెన్నోబులేసు ఆ బుడగనే చూసినాడు చానాసేపు.
"రాసింది మా బామ్మర్ది కొడుకు.
వాని నోరు ఊరికి మైకు.
నోటికొచ్చినంత తగ్గించి చెప్పినా."

ఆరు లక్షల నలభై వేలని మళ్లీ పై గడిలో కొట్టినా.
రెండు లక్షలకీ దానికీ
ఫైలులో బరువు తేడా ఏమీ లేదు.
తర్వాతే పాత పొరలన్నీ విప్పి పారేసినా.

ఇంకో బటనుంది, అన్ని గళ్లనీ ఒక్క దెబ్బకి చదును చేసేది.
నొక్కితే ఇంకా చిన్నదవుతుంది,
కానీ గళ్లు కళ్లు మూస్తాయి.
అడుగున 'కార్యాలయ ఉపయోగార్థం' గడి
ఆఫీసరు కోసం తెరుచుకునే ఉండల్ల.
ఏడు బోర్ల లోతులూ ఆ ఒక్క ఖాళీ కోసమే కదా రాసింది.
నొక్కలేదు.

నాలుగొందల ఎనభైఏడు.
గేటు దాటింది. రసీదు నంబరు వచ్చింది,
ఆయన అరచేతిలో రాయమన్నాడు, రాసినా.

ఇరవై రూపాయలిచ్చి పెన్‌డ్రైవు కట్టుకుంటూ
"దీంట్లో పాతదుందా ఇంకా?"
ఉంది, తుడిచెయ్యనా అన్నా.

"ఉండనీలేమ్మే.
యా దినం ఎంత అబద్ధం చెప్పినానో
నాకైనా లెక్కుండల్ల."