సానరాయి లెక్క

నాకు ఆటగాళ్ళ ముఖాలు గుర్తుండవు,
ఇనుము గుర్తుంటుంది.
ఎలెక్ట్రేనాయ్ మంచుమైదానంలో మెట్ల కింద గది నాది.
ఒక సాన యంత్రం, ఒక బల్బు, నూనెగుడ్డ,
ఇరవై ఆరేళ్ళుగా చెవుల్లో అదే రొద.

హాకీ కుర్రాళ్ళ బ్లేడ్లు గొడ్డళ్ళలా వస్తాయి,
నోళ్ళు విరిగి, తుప్పు పట్టి.
రుస్నె బ్లేడ్లు మాత్రం
చంటిబిడ్డలా పాత తువ్వాలు చుట్టుకొని వస్తాయి.
కుడికాలి బయటి అంచు ఎప్పుడూ ముందు అరుగుతుంది.
దిగేది దాని మీదే.
గాల్లో మూడు చుట్లు తిరిగిన ఒళ్ళంతా
వెనక్కి జారుతూ వచ్చి
ఆ అంచు మీద వాలాలి,
గోరంత వెడల్పు కూడా లేని ఉక్కు మీద.
ఎన్నిసార్లు వాలిందో నాకు తెలుసు.
ఎన్నిసార్లు పడిందో ఆ పిల్ల తుంటికి తెలుసు.

తెల్లవారుజామున ఐదుంపావుకి వస్తుంది,
ఆ వేళ మంచుకి అద్దె సగం.
ఆ సగం కూడా శనివారాలు
చిన్నపిల్లలకు పడడం నేర్పి తీరుస్తుంది.
అవును, ముందు నేర్పాల్సింది పడడమే.
కోచ్ దానుతె జీతం అడగడం మానేసి రెండేళ్ళయింది.
ఒక్కోసారి ఫ్లాస్కులో బీట్‌రూట్ చారు తెస్తుంది,
ఇద్దరూ బెంచీ మీద కూర్చుని
మాట్లాడుకోకుండా తాగుతారు.

ఒక్కసారే మెట్లెక్కి చూశాను.
పాట ఫోన్లోంచి వస్తోంది, సన్నగా, డబ్బాలో తేనెటీగలా.
ఖాళీ కుర్చీలు ఎనిమిది వందలు.
లేచింది.
నేను పట్టిన పదును గాల్లో ఏమైపోయిందో తెలీదు,
మళ్ళీ మంచును తాకినప్పుడు
గుడ్డను నిలువునా చించిన చప్పుడు.
కిందికి వచ్చి చాలాసేపు
యంత్రం ముట్టుకోలేదు.

కనీస పాయింట్లు తెచ్చుకో, చూద్దాం,
అన్నారు ఫెడరేషన్ వాళ్ళు.
రాత్రి బస్సులో టాలిన్ వెళ్ళింది సొంత డబ్బుతో,
అంటే అన్న ఇచ్చిన అప్పుతో.
తెచ్చింది. వెంట్రుకవాసి ఎక్కువే తెచ్చింది.
ఒక్క పోటీలో వస్తే సరిపోదు, అన్నారు.
రెండోదానికీ వెళ్ళింది, కాలికి కట్టుతో.
అప్పుడు ఉత్తరం వచ్చింది మూడు వాక్యాల్లో:
ఉన్నది ఒకటే చోటు,
దీర్ఘకాలిక దృష్టితో
పదిహేనేళ్ళ అమ్మాయిని పంపుతున్నాం.
రుస్నెకి ఇరవై రెండు.

ఆ చిన్నపిల్ల తప్పేం లేదు.
ఆమె బ్లేడ్లూ ఒకసారి నా బల్ల మీదికొచ్చాయి,
మిలమిలలాడే కొత్త జత.
శ్రద్ధగానే పట్టాను సాన.
చేతికి పక్షపాతం నేర్పలేదు నేను.

నా గోడకి ఫెడరేషన్ క్యాలెండరు ఉంది,
ఊరికే పంచారు.
మార్చి పేజీలో రుస్నె,
చేతులు చాచి, వెన్ను విల్లులా వంచి.
ప్రపంచ పోటీలు కూడా మార్చిలోనే.
ఇది ఎవరైనా గమనించారా అని
వాళ్ళ ఆఫీసుకి ఫోన్ చేద్దామనుకున్నాను.
చేసి, ఎవరో ఎత్తగానే పెట్టేశాను.

నిన్న వచ్చింది. తువ్వాలు విప్పింది.

పదును పెట్టడమంటే తీసెయ్యడమే,
చాలామందికి ఈ సంగతి తెలీదు.
ప్రతి సానకీ ఉక్కు కాస్త పొడై రాలుతుంది.
సాయంత్రం నేను చీపురుతో ఎత్తే బూడిదరంగు పొడిలో
హాకీ ఎంతో, రుస్నె ఎంతో
విడదీయలేను.
కొత్త జత ఆరువందల యూరోలు.
పరికరాల భత్యం సంగతి
నిరుటి నుంచీ పరిశీలనలో ఉంది.

"కాజిస్ మామా, ఇంకెన్ని సానలకి ఆగుతాయి ఇవి?"

కొలకర్ర పెట్టాను,
మునిపళ్ళ వెనక ఒకసారి, మడమ దగ్గర ఒకసారి.
కళ్ళద్దాలు తుడుచుకొని మళ్ళీ పెట్టాను.
ఎనిమిది, అన్నాను.
వేళ్ళు మడిచి లెక్కపెట్టుకుంది:
రీగా, కౌనాస్, మళ్ళీ జాతీయ పోటీలు,
ఇంకేదో ఊరు, పైకి చెప్పలేదు.
"ఎనిమిదైతే చాలు."

ఐదున్నాయి.

యంత్రం వేశాను.
రాయికి ఎంత మెల్లగా ఆనించానంటే
ఒక్క నిప్పురవ్వా లేవలేదు.