రక్తం కోసం

రూవీలో మూడో అంతస్తు క్లినిక్.
ఏసీ నీళ్లు బకెట్లో చుక్క, చుక్క.
కుర్చీలో హైథమ్, తొమ్మిదేళ్లు.
మత్రా కార్నిష్‌లో సైకిల్ మీంచి పడి విరిగిన ముందుపన్ను.

వేరు ఇంకా కట్టడం పూర్తికాలేదు.
కొస తెరిచే ఉంది, గోడలు గుడ్డుపెంకంత పలచన.
మామూలుగా అయితే గట్టిగా కూరి మూసేస్తాం.
"కూరితే పగులుద్ది, పెరగనిద్దాం"
అనే అర్థం వచ్చేట్టు అరబ్బీలో ఏదో అంది డాక్టర్ నహ్లా.

మూడు వారాల కింద పలచని మందునీళ్లతో కడిగాం,
గీకలేదు. సున్నంమందు పెట్టి పంపాం.
ఈవేళ మత్తుసూది కూడా వేరే,
రక్తాన్ని ఆపనిది.

పదకొండేళ్లుగా నా చేతిలో సక్షన్ గొట్టం.
ఎర్రగా కనిపిస్తే చాలు, పీల్చేయడమే పని.
రాయచోటి నుంచి వచ్చి నేర్చిన విద్య అదొక్కటే.
"జైబూ, చెయ్యి తియ్యి."

సన్నటి ఫైలు కొస దాటింది. ఒక్క పోటు.
ఇద్దరం తొంగిచూస్తున్నాం.
ఏమీ లేదు.
ఏమీ లేదు.
అప్పుడు అడుగున, చెలమలో ఊరినట్టు,
పైకి, ఇంకాస్త పైకి.
మాషా అల్లా అన్నది పిల్లాడి తల్లి కాదు, నేనే.
గడ్డకట్టాక తెల్లసిమెంటు మూత.

ఏడు నెలలకు ఎక్స్‌రే.
గోడ వెంట్రుకంత లావెక్కిందన్నాను.
ఆమె స్కేలు పెట్టి కొలిచింది.
"లోపలిది పాత నరం కాదు జైబూ,
ఎముకలాంటిదేదో కావచ్చు.
వేరు నిలబడితే చాలు."

చల్లటి దూది పంటికి ఆనించింది.
హైథమ్ వేలెత్తాడు.
తగిలిందో, భయమేసిందో.
కాగితం మీద ప్రశ్నార్థకం పెట్టి
మళ్లీ ఆరునెలలకు రమ్మంది.